ఖజానా గదులు ఎవరివి?

ఉదయగిరి దుర్గం చూసినప్పుడల్లా మాకు హిజ్కియా రాజు గుర్తుకొస్తాడు. 3,079 అడుగుల ఆ కొండపైన ఎనిమిది, కింద ఐదు, మొత్తం 13 కోటలుండేవని పాత గెజిటీర్లు చెబుతాయి. ఇప్పుడు మిగిలినవి కూలిన గోడలు, ముళ్ల కంపలు. 1514లో శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి దుర్గాన్ని గజపతుల నుంచి గెలుచుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకువెళ్లి, దానికోసం గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఉదయగిరివాళ్లు తమ ఊరి శిల్పాన్ని చూడాలంటే చెన్నై బస్సు ఎక్కాల్సిందే.

గెలిచినవాడు పట్టుకుపోవడం లోకంలో కొత్త కాదు. హిజ్కియా జబ్బు నయమయ్యాక బబులోను రాయబారులు పరామర్శకు వస్తే, ఆయన సంతోషం పట్టలేక వెండి, బంగారం, పరిమళ ద్రవ్యాలు, ఆయుధాలు అన్నీ చూపించాడు. వాళ్లేమి చూశారని యెషయా ప్రవక్త అడిగితే, చూపించనిదంటూ ఏదీ లేదన్నాడు. ఇవన్నీ ఒకనాడు బబులోనుకు పోతాయని ప్రవక్త చెప్పాడు (యెషయా 39). తప్పేమిటో ఆ అధ్యాయం విప్పి చెప్పదు. దేవుడు తన చేతికి అప్పగించినదాన్ని ఆయన తన గొప్పగా లెక్కేసుకున్నాడని మా అభిప్రాయం (2 దినవృత్తాంతములు 32:25 కూడా చూడండి).

ఉదయగిరి ముట్టడి జరుగుతున్న రోజుల్లోనే ఇటలీలో రాఫెల్ అనే చిత్రకారుడు బాలయేసును ఒడిలో పెట్టుకున్న మరియమ్మను గుండ్రని పలక మీద చిత్రించాడు. అది నేడు ఫ్లోరెన్స్ నగరంలోని పిట్టి రాజప్రాసాదంలో ఉంది. 1458లో లూకా పిట్టి అనే వడ్డీ వ్యాపారి ఆ భవనాన్ని మొదలుపెట్టి, పూర్తి చూడకుండానే పోయాడు. 1549లో మెదీచీ ప్రభువు కోసిమో భార్య ఎలెనోరా దాన్ని కొన్నది. తరతరాల మెదీచీలు దాన్ని పెంచి, చిత్రాలతో, శిల్పాలతో నింపారు. లూకా 12లోని ధనవంతుడిలాగే కొట్లు కట్టుకుంటూ పోయారన్నమాట.

1737లో ఆ వంశంలో చివరి పురుషుడు చనిపోయాడు. మిగిలింది పిల్లలు లేని అక్క, అన్నా మరియా లూయీసా. రాజ్యం పరాయి వంశానికి పోతోంది. ఆపే శక్తి ఆమెకు లేదు. ఆమె ఒక ఒప్పందం మాత్రం చేసుకుంది. మెదీచీల కళాసంపద అంతా రాజ్యానికే చెందాలి, ప్రజలకు ఉపయోగపడాలి, ఒక్క వస్తువు కూడా ఫ్లోరెన్స్ దాటి పోకూడదు. 1743లో ఆమె కన్నుమూసింది. 1799లో ఫ్రెంచి సైన్యం రాఫెల్ చిత్రాన్ని పారిస్ పట్టుకుపోయినా, 1815లో అది తిరిగొచ్చింది.

బొమ్మలతో, శిల్పాలతో మనకేం పని అని మన సంఘాల్లో కొందరు అంటారు. ప్రత్యక్ష గుడారం పని కోసం దేవుడు బెసలేలును పేరుపెట్టి పిలిచి, తన ఆత్మతో నింపాడని వారికి గుర్తుచేస్తాం (నిర్గమ 31). ఉదయగిరిలో చెక్క గరిటెల పిడుల మీద పూలు చెక్కే చేతులను చూసినప్పుడు మాకు ఆ వచనాలే తోస్తాయి.

అలా చెప్పే మేమే ఒక తప్పు చేశాం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు వచ్చాడు. ఆ సేవ తర్వాత ఉదయగిరికీ, ఆత్మకూరుకూ పాకింది. ఆత్మకూరు వైపు ఒక పల్లెలో అలాంటి పాత చర్చి పడగొట్టి కొత్తది కడుతుంటే, చేతిపని టేకు పుల్పిట్ అడ్డంగా ఉందని పాత సామాను బండికి ఇచ్చేశారు. కమిటీ తీర్మానం మీద మేమూ సంతకం పెట్టాం. ప్రతిష్ఠ ఆరాధన రోజు ఒక అవ్వ దగ్గరికొచ్చి, "అయ్యగారూ, మా నాయన దాని పక్కన నిలబడే సాక్ష్యం చెప్పినాడు. యాడ పెట్టినారు?" అని అడిగింది. బదులు చెప్పలేకపోయాం.

కోరెషు రాజు యెరూషలేము పాత్రలను తిరిగి ఇచ్చినప్పుడు, ఖజానాదారుడు వాటిని లెక్కపెట్టి అప్పగించాడు. మొత్తం 5,400 (ఎజ్రా 1). ఆ పట్టిక వస్తే ఇదివరకు పేజీ తిప్పేసేవాళ్లం. ఆ తర్వాత అదే పల్లెలో పెద్దలతో కూర్చుని ఒక నోటుపుస్తకం తెరిచాం. ప్రభు బల్ల గిన్నెలు రెండు, గంట ఒకటి, చెదలు తినగా మిగిలిన బాప్తిస్మపు రిజిస్టరు ఒకటి. అవ్వ పట్టుబట్టడంతో పుల్పిట్‌ను కూడా రాసి, ఎదురుగా అమ్మేశామని, అమ్మిన సంవత్సరం వేసి, కింద మళ్లీ సంతకం పెట్టాం.