పాత స్పోర్ట్స్ కారులో ఏసీ: బిలాస్‌పూర్ వాతావరణం పెట్టే రెండు పరీక్షలు

మే నెల మధ్యాహ్నం బిలాస్‌పూర్‌లో ఉష్ణోగ్రత 44 డిగ్రీల సెల్సియస్ దాటడం వింతేమీ కాదు. జులైలో వానలు పట్టాక అదే ఊళ్లో 32 డిగ్రీలే ఉంటుంది, కానీ గాలిలో తేమ 85 శాతం దాకా పోతుంది. ఈ రెండింటిలో ఏ గాలిని చల్లబరచడం ఏసీకి ఎక్కువ కష్టం? చాలామంది మే నెల గాలి అంటారు. భౌతికశాస్త్రం మాత్రం జులై గాలి అంటుంది.

కొత్త కారు కొన్నవాళ్లకు ఈ లెక్కతో పని లేదు. కంపెనీ ఇంజనీర్లు దాన్ని ఎప్పుడో వేసి పెట్టారు. యాభై, అరవై ఏళ్ల నాటి కారుకు ఇప్పుడు ఏసీ బిగించాలనుకునేవాళ్లు మాత్రం తామే వేసుకోవాలి. ఉదాహరణకు స్టాండర్డ్ హెరాల్డ్ తీసుకుందాం. బ్రిటన్ ట్రయంఫ్ హెరాల్డ్‌కు ఇది మన దేశపు రూపం. 1961 నుంచి మద్రాసులో తయారైంది. ట్రయంఫ్ కంపెనీ అదే హెరాల్డ్ ఛాసిస్‌ను పొట్టి చేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును తెచ్చింది. రెండింటికీ రూపం గీసింది ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలోట్టి. కాబట్టి హెరాల్డ్ కోసం వేసిన లెక్క స్పిట్‌ఫైర్‌కు కూడా చాలావరకు సరిపోతుంది. మన హెరాల్డ్‌లో 948 సీసీ ఇంజను, దాని బలం 40 అశ్వశక్తి లోపే. ఏసీ అనే మాటే మనసులో లేకుండా గీసిన కారు అది.

బిలాస్‌పూర్ వాళ్లకు ఇలాంటి అతుకుల పని కొత్త కాదు. ఇది 2003 నుంచి సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకు కేంద్రం. అంతకు చాలా ముందు, బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచే శ్రీకాకుళం, విజయనగరం వైపు కుటుంబాలు ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. మన రైళ్లలో చల్లదనం 1934లో ఫ్రాంటియర్ మెయిల్ పెట్టెలో మంచు దిమ్మెలతో మొదలైంది. తరువాత చక్రాల ఇరుసు నుంచి బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్లు వచ్చాయి. ఏసీ సామర్థ్యాన్ని ఇప్పటికీ 'టన్ను'లలో చెప్పడం కూడా ఆ మంచు కాలం గుర్తే. దాదాపు 907 కిలోల మంచు 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడిని లాగుతుందో అంత, అంటే సుమారు 3.5 కిలోవాట్లు. చిన్న కారుకు కావలసింది కూడా ఇంచుమించు ఒక టన్నే.

ఇక గాలి లెక్క. మే నెల గాలి 44 డిగ్రీలు, 15 శాతం తేమ అనుకుందాం. అందులో కిలో గాలికి నీటి ఆవిరి ఎనిమిదిన్నర గ్రాములకు మించదు. దాన్ని 10 డిగ్రీలకు చల్లబరచాలంటే కిలోకు దాదాపు 37 కిలోజౌల్స్ వేడి తీసేయాలి. జులై గాలిలో కిలోకు 26 గ్రాములకు పైగా ఆవిరి ఉంటుంది. 10 డిగ్రీల దగ్గర గాలి పట్టి ఉంచగలిగేది ఏడెనిమిది గ్రాములే. మిగతాదంతా నీరుగా మారాలి. ఆవిరి నీరయ్యేటప్పుడు దాచుకున్న గుప్తోష్ణం బయటపడుతుంది. దాన్ని కూడా ఏసీయే మోయాలి. మొత్తం దాదాపు 70 కిలోజౌల్స్, అందులో మూడింట రెండు వంతులు కేవలం తేమ బరువే! అంటే ఉష్ణోగ్రత 12 డిగ్రీలు తక్కువ ఉన్న రోజున ఏసీకి దాదాపు రెట్టింపు పని.

గంటకు వంద ఘనమీటర్ల బయటి గాలి లోపలికి వస్తే జులైలో రెండు లీటర్లకు పైగా నీరు కారుతుంది. ఆ నీటికి సరైన వాలుతో గొట్టం పెట్టకపోతే కాళ్ల కింది కార్పెట్ తడుస్తుంది, దాని కింద రేకు తుప్పు పడుతుంది. పాత కార్లను ఎండకన్నా ఎక్కువగా చంపేది తుప్పే.

అందుకే ఏసీ కిట్టు కొనే ముందు తలుపుల రబ్బరు బీడింగులు మార్చుకోవడం మేలని నా అభిప్రాయం. గుడ్డ టాపు ఉన్న స్పోర్ట్స్ కారుకు ఇది మరీ ముఖ్యం. సందుల్లోంచి దూరే ప్రతి కిలో గాలికీ ఏసీ మళ్లీ మొదటి నుంచి పని చేయాలి. లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరిస్తే ఆ భారం చాలావరకు తప్పుతుంది. ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య రేకు మీద, గేర్‌బాక్సు కప్పు మీద వేడిని ఆపే పొర వేయడం కూడా ఈ లెక్కలోదే.

మరి మే నెల సులువా? కాదు. అది మరో చివర పట్టుకుంటుంది. లోపల లాగిన వేడిని బయటికి వదలాలంటే కండెన్సర్ బయటి గాలికన్నా వేడిగా ఉండాలి. బయట 44 అయితే అది 60 డిగ్రీల దాకా పోవాలి. ఆర్-134ఎ గ్యాస్‌కు ఆ ఉష్ణోగ్రతలో పీడనం వాతావరణ పీడనానికి 16 రెట్లకు పైనే. జులైలో 50 డిగ్రీల దగ్గర 13 రెట్లు చాలు.

గేటు పడినప్పుడు

కండెన్సర్‌ను రేడియేటర్ ముందు పెడతారు, వేరే చోటు లేదు. బిలాస్‌పూర్ చుట్టుపక్కల ఏ లెవెల్ క్రాసింగ్ దగ్గరైనా గేటు పడిందనుకోండి. యాభై ఎనిమిది వ్యాగన్ల బొగ్గు రైలు మెల్లగా సాగిపోయేదాకా కారు నిలబడాలి. (2022 ఆగస్టు 15న ఇదే రైల్వే కోర్బా నుంచి రాజ్‌నంద్‌గావ్‌కు నడిపిన 'సూపర్ వాసుకి' పొడవు 3.5 కిలోమీటర్లు, 295 వ్యాగన్లు. అంతటిది రోజూ రాదు కాబట్టి సరిపోయింది.) ఎదురుగాలి లేదు, ఫ్యాను లాగే గాలే ఆధారం. అది సెకనుకు పావు కిలో అనుకుందాం. నెమ్మదిగా తిరిగే ఇంజను మీద ఏసీ లోపల రెండున్నర కిలోవాట్ల వేడి లాగితే, కంప్రెసర్ పెట్టిన పని కలిపి కండెన్సర్ వదిలేది మూడున్నర. ఆ గాలి 14 డిగ్రీలు వేడెక్కుతుంది. రేడియేటర్‌కు తగిలేది 44 కాదు, 58 డిగ్రీల గాలి. ఇంజను నీరు 90 డిగ్రీలుంటే తేడా 46 నుంచి 32కు పడిపోతుంది. వేడి బయటికి పోయే వేగం ఆ తేడాను బట్టి ఉంటుంది కాబట్టి రేడియేటర్ శక్తిలో మూడో వంతు దాకా పోయినట్టే.

అంబాసిడర్ పెట్రోలు పంపు మీద తడి గుడ్డ చుట్టడం చూసినవాళ్లకు తరువాత జరిగేది తెలుసు. పెట్రోలు పైపులోనే ఆవిరై ఇంజను ఆగిపోతుంది. మందు ఏమిటంటే వరుసలు పెంచిన రేడియేటర్ కోర్, దాని చుట్టూ గాలి పక్కకు జారకుండా రేకు తొడుగు, ఎలక్ట్రిక్ ఫ్యాను, సన్నని గొట్టాలు పక్కపక్కన ఉండే ప్యారలల్ ఫ్లో కండెన్సర్. వీటిలో తొడుగే అన్నిటికన్నా చవక. చాలామంది మరిచిపోయేదీ అదే.

కరెంటు సంగతి క్లుప్తంగా. ఆ కాలపు లూకాస్ సీ40 డైనమో ఇచ్చేది 22 ఆంపియర్లు. ఇంజను ఖాళీగా తిరిగేటప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు. బ్లోయర్, కంప్రెసర్ క్లచ్, ఫ్యాను కలిసి పాతిక ఆంపియర్లు అడుగుతాయి, హెడ్‌లైట్లు వేరే. కాబట్టి ఆల్టర్నేటర్ తప్పదు. అయితే ఆ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ తీగ బాడీకి కలిపి ఉండేది. అది మార్చకుండా ఆల్టర్నేటర్ తగిలిస్తే దాని డయోడ్లు కాలిపోతాయి. ఎలక్ట్రిక్ కంప్రెసర్ పెడితే బెల్టు గొడవ ఉండదు కదా అని కొందరు అడుగుతారు. 1.2 కిలోవాట్లను 12 వోల్టుల మీద లాగాలంటే వంద ఆంపియర్లు కావాలి. ఇలాంటి కారులో అది జరిగే పని కాదు.

బెల్టు కంప్రెసరే శరణ్యం. ఒక టన్ను చల్లదనానికి అది దాదాపు రెండు కిలోవాట్లు తీసుకుంటుంది. రోడ్డు మీద ఇంజను ఆ భారం మోస్తుంది, ఖాళీగా తిరిగేటప్పుడు మాత్రం తడబడి ఆగిపోవచ్చు. అందుకే క్లచ్ పడగానే కార్బురేటర్ థ్రాటిల్‌ను కాస్త తెరిచే సాధనం ఒకటి అమర్చాలి. 1940 మోడల్ ప్యాకార్డ్ కార్లలో మొదటిసారి ఏసీ వచ్చినప్పుడు క్లచ్చే లేదు. ఏసీ వద్దనుకుంటే ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి!

ఏ గ్యాస్?

పాత కార్ల ఆర్-12 గ్యాస్ ఓజోన్ పొరకు చేటని 1974లో మొలినా, రోలండ్ చెప్పారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. ఇప్పుడు కొత్తగా బిగించేవాళ్లు వాడేది ఆర్-134ఎ. ఇది ఓజోన్‌ను తినదు, కానీ వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 1,400 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. కిగాలీ సవరణ ప్రకారం మన దేశం ఇలాంటి వాయువుల వాడకాన్ని 2028లో ఒక స్థాయి దగ్గర ఆపి, 2032 నుంచి తగ్గించాలి. అరకిలో గ్యాస్ లీకైనా అది 700 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే.

ఖర్చు తగ్గుతుందని వంటగ్యాస్ లాంటి ప్రొపేన్, బ్యూటేన్ మిశ్రమం నింపే అలవాటు అక్కడక్కడా ఉంది. అది చక్కగా చల్లబరుస్తుంది, అందులో అబద్ధం లేదు. కానీ ఎవాపరేటర్ ఉండేది మన మోకాళ్ల దగ్గర. స్పోర్ట్స్ కారు క్యాబిన్ రెండు ఘనమీటర్లు అనుకుంటే, గాలిలో రెండు శాతం చేరడానికి 80 గ్రాములు చాలు. అక్కడి నుంచి ఒక నిప్పురవ్వ సరిపోతుంది. క్యాబిన్ లోపల ఎవాపరేటర్ ఉన్న కారులో ఈ పని చేయకూడదు.

పొందికగా బిగించడం అందం కోసమే కాదు, చట్టం వైపు నుంచి కూడా అవసరం. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనాన్ని 'వింటేజ్'గా, 'వీఏ' అక్షరాల నంబరుతో నమోదు చేయించుకోవచ్చు. కాకపోతే ఛాసిస్, బాడీ, ఇంజను మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. అందుకే కొత్త రంధ్రం వేయకుండా పని ముగించడం మంచిది. కంప్రెసర్ బ్రాకెట్‌ను ఇంజనుకు ఉన్న బోల్టులకే తగిలించవచ్చు. గొట్టాలను హీటర్ కోసం ముందే ఉన్న రంధ్రాల గుండా తీయవచ్చు. హెరాల్డ్, స్పిట్‌ఫైర్ బానెట్లు ముందు మడ్‌గార్డులతో సహా ముందుకు వాలి తెరుచుకుంటాయి కాబట్టి కండెన్సర్‌ను బానెట్‌కు కాదు, ఛాసిస్‌కు బిగించాలి. గొట్టాలు మూతలో నలగకుండా చూసుకోవాలి. ఊడదీసిన డైనమోను పెట్టెలో భద్రం చేయండి. బిగించే ముందు రవాణా కార్యాలయంలో ఒక మాట అడగడం మరవొద్దు.

చివరి అంకం వ్యాక్యూమ్ పంపుది. గొట్టాల్లో మిగిలిన తేమ గ్యాస్‌తో కలిస్తే సన్నని వాల్వు దగ్గర గడ్డకడుతుంది, ఆమ్లమై లోహాన్ని తింటుంది. 30 డిగ్రీల దగ్గర ఆ నీరు మరిగి పోవాలంటే లోపలి పీడనం వాతావరణ పీడనంలో ఇరవై నాలుగో వంతుకన్నా దిగాలి. పంపును అరగంటకు తగ్గకుండా నడిపించి, ఆపి, గేజి ముల్లు కదలకుండా నిలిచిందో లేదో చూడాలి. కదిలితే లీకు వెతకాలి, నిలిస్తే త్రాసు మీద తూచి గ్యాస్ నింపాలి.