తప్పు వేలిదా? అంకెదా?

మీరు ఒక సైకిలు అద్దెకు తెచ్చుకున్నారనుకోండి. సీటు మరీ ఎత్తుగా ఉంది. పెడలు కాలికి అందడం లేదు. అప్పుడు మీరేం చేస్తారు? కాళ్ళు పొడుగయ్యేదాకా ఆగుతారా? ఆగరు కదా! పానా తెచ్చి, సీటు కింది నట్టు వదులు చేసి, సీటు దించుకుంటారు. సైకిలును మనిషికి తగినట్టు సరిచేసుకోవాలి గాని, మనిషిని సైకిలుకు తగినట్టు మార్చలేం.

కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ చిన్న సంగతి మరచిపోతుంటాం. మీ తరగతిలో ఒకమ్మాయికి చేతులు కొద్దిగా వణుకుతాయనుకుందాం. ఆమె వేలు మీట మీదినుంచి చటుక్కున పైకి లేవదు. 'రమ' అని టైపు చేయబోతే తెర మీద 'రరరరరమమమమ' అని పడుతుంది. పక్కవాళ్ళు నవ్వుతారు. తనకు కంప్యూటర్ పని ఎప్పటికీ రాదేమోనని ఆ అమ్మాయి దిగులుపడుతుంది. నిజానికి తప్పు ఆ వేలిది కాదు. కంప్యూటర్ లోపల కూర్చుని ఉన్న ఒక అంకెది! ఆ అంకె ఏమిటి? దాన్ని మార్చడం ఎలా? లినక్స్ కంప్యూటర్లను ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

మీట వదలకపోతే ఏమవుతుంది?

పాత చేతి టైపు మిషను మీద అక్షరం మీటను ఎంతసేపు నొక్కి ఉంచినా కాగితం మీద పడేది ఒకే అక్షరం. కంప్యూటర్ అలా కాదు. మీటను నొక్కగానే 'నొక్కారు' అనే కబురు లోపలికి వెళుతుంది. వదలగానే 'వదిలారు' అనే కబురు వెళుతుంది. ఈ రెండు కబుర్లకూ మధ్య ఎంత కాలం గడిచిందో లోపలి ప్రోగ్రాము లెక్కపెడుతూ ఉంటుంది. కొంత గడువు దాటినా మీట వదలలేదంటే, 'ఈ అక్షరం మళ్ళీ మళ్ళీ కావాలన్నమాట' అనుకుని వరుసగా వేసుకుపోతుంది.

ఇక్కడ అంకెలు రెండు. ఒకటి గడువు. దీన్ని మిల్లీ సెకన్లలో చెబుతారు. సెకనులో వెయ్యో వంతు ఒక మిల్లీ సెకను. రెండోది వేగం. అంటే సెకనుకు ఎన్ని అక్షరాలు పడాలన్నది.

చిన్న లెక్క చేద్దాం. గడువు 250 మిల్లీ సెకన్లు, వేగం సెకనుకు 20 అనుకోండి. ఒకరు మీటను 750 మిల్లీ సెకన్లు, అంటే ముప్పాతిక సెకను, నొక్కి ఉంచారు. మొదటి అక్షరం వెంటనే పడుతుంది. గడువు పోగా మిగిలింది 500 మిల్లీ సెకన్లు. అంటే అర సెకను. ఆ కాస్తలో ఇంకో పది అక్షరాల దాకా పడిపోతాయి! ఇప్పుడు గడువును 1000 చేయండి. అదే వేలు, అదే మీట, అదే ముప్పాతిక సెకను. కాని పడేది ఒక్క అక్షరమే. వేలు మారలేదు. మారినదల్లా అంకె!

ఈ లెక్కలు చూసేదెవరు?

లినక్స్ కంప్యూటర్లలో చాలా ఏళ్ళుగా ఈ పని చూస్తున్నది 'ఎక్స్ విండో సిస్టమ్' అనే ప్రోగ్రాము. తెర మీద కిటికీలు గీయడం, మీటల కబుర్లు, మౌస్ కబుర్లు అందుకోవడం దీని పని. ఇది 1984లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పుట్టింది. పేరు వెనుక ఒక తమాషా ఉంది. దీనికి ముందు 'డబ్ల్యూ' అనే పేరుతో ఇటువంటి ప్రోగ్రామే ఒకటి ఉండేది. ఇంగ్లీషు అక్షరాల వరుసలో డబ్ల్యూ తరువాత వచ్చేది ఎక్స్ కదా! అందుకని ఆ పేరు. దీని పదకొండవ రూపం 1987లో వచ్చింది. నేటికీ వాడుకలో ఉన్నది ఆ రూపమే.

ఈ ప్రోగ్రాముతో మాట్లాడటానికి 'ఎక్స్‌సెట్' అనే ఆజ్ఞ ఉంది. సెట్టింగుల బొమ్మల మీద నొక్కుతూ వెతుక్కోనక్కరలేదు. టెర్మినల్ అనే కిటికీ తెరిచి, ఒక్క వరుస టైపు చేసి, ఎంటర్ మీట నొక్కితే చాలు. ఆజ్ఞలను మేము ఇక్కడ తెలుగులో రాస్తున్నాం. మీరు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాలలో టైపు చేయాలి. ఎక్స్, ఎస్, ఇ, టి అనే నాలుగు అక్షరాలూ కలిపి రాయాలి. తరువాత వచ్చే ప్రతి మాటకూ, అంకెకూ ముందు ఖాళీ వదలాలి.

ముందు అడగండి, తరువాత మార్చండి

వైద్యుడు మందు ఇచ్చే ముందు నాడి చూస్తాడు. మనమూ అలాగే చేయాలి. 'ఎక్స్‌సెట్ క్యూ' అని టైపు చేయండి. క్యూ అంటే ప్రశ్న అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలోని మొదటి అక్షరం. వెంటనే కీబోర్డు, మౌస్, తెర, గంట మోత, అన్నింటి అంకెలూ తెర మీద కనిపిస్తాయి. వాటిని నోటు పుస్తకంలో రాసుకోండి. పాత స్థితికి తిరిగి రావాలంటే అవి కావాలి.

ఇప్పుడు 'ఎక్స్‌సెట్ ఆర్ రేట్ 1000 20' అని ఆజ్ఞ ఇవ్వండి. గడువు ఒక సెకను, వేగం సెకనుకు 20 అవుతాయి. అక్షరం అసలు మళ్ళీ పడనే కూడదంటే 'ఎక్స్‌సెట్ ఆర్ ఆఫ్' అనాలి. కాని అప్పుడొక ఇబ్బంది ఉంది. తప్పులు చెరిపే మీట కూడా ఒక నొక్కుకు ఒకే అక్షరం చెరుపుతుంది. పది అక్షరాలు చెరపాలంటే పదిసార్లు నొక్కాలి. వణికే చేతికి అది మరో కష్టం. అందువల్ల మీటను పూర్తిగా కట్టిపడేయడం కంటే గడువు పెంచడమే చాలామందికి మేలు. ఏది నయమో వాడేవారినే అడిగి చూడాలి.

మౌస్ పరుగు, తెర నిద్ర

మౌస్‌కూ రెండు అంకెలున్నాయి. 'ఎక్స్‌సెట్ ఎం 3 4' అన్నారనుకోండి. మౌస్‌ను మెల్లగా జరిపితే తెర మీది బాణం గుర్తు మామూలుగా కదులుతుంది. కొద్ది కాలంలో 4 చుక్కల దూరం మించి విసురుగా జరిపితే బాణం మూడు రెట్లు పరుగెత్తుతుంది. 3 బదులు 1/2 అని భిన్నం ఇస్తే ఆ విసురు సగానికి తగ్గుతుంది. చేయి అదిరినా బాణం అంతగా ఎగరదు. అయితే ఒక మాట. ఈనాటి చాలా లినక్స్ కంప్యూటర్లలో మౌస్ పని 'లిబ్‌ఇన్‌పుట్' అనే వేరే భాగం చూసుకుంటుంది. అది ఈ అంకెలను పట్టించుకోదు. అక్కడ 'ఎక్స్‌ఇన్‌పుట్' అనే మరో ఆజ్ఞ వాడాలి.

తెర సంగతి చూద్దాం. 'ఎక్స్‌సెట్ ఎస్ 600' అంటే 600 సెకన్ల పాటు ఎవరూ మీటను గాని, మౌస్‌ను గాని ముట్టుకోకపోతే తెర నల్లబడాలని అర్థం. అంటే పది నిమిషాలు. పాత గాజు గొట్టపు తెరల మీద ఒకే బొమ్మ రోజుల తరబడి నిలిచి ఉంటే దాని మచ్చ తెర మీద శాశ్వతంగా పడేది. దాన్ని తప్పించడానికే ఈ ఏర్పాటు మొదలైంది. విద్యుత్తు ఆదా కావాలంటే తెరను నల్లబరిస్తే చాలదు, నిద్రపుచ్చాలి. అందుకు 'ఎక్స్‌సెట్ డీపీఎంఎస్ ఫోర్స్ ఆఫ్' అని ఆజ్ఞ ఉంది. మౌస్ కదిపితే తెర మళ్ళీ మేలుకుంటుంది.

ఇవి గుర్తుంచుకోండి

ఎక్స్‌సెట్‌తో చేసిన మార్పులు మీరు లాగవుట్ కాగానే చెరిగిపోతాయి. కాబట్టి ఏదో పాడుచేశామన్న భయం అక్కరలేదు. మార్పు రోజూ ఉండాలంటే, కంప్యూటర్‌లోకి ప్రవేశించేటప్పుడు దానంతట అది చదివే ఫైలులో ఆ వరుసను రాసి ఉంచాలి. ఆజ్ఞలో ఉన్న సుఖం ఇదే. ఒకసారి రాసిన వరుసను పది కంప్యూటర్లకు పంచవచ్చు.

ఇంకొక సంగతి. 2008లో 'వేలాండ్' అనే కొత్త ఏర్పాటుకు పని మొదలైంది. ఇప్పుడు అనేక లినక్స్ కంప్యూటర్లు ఎక్స్ బదులు దాన్నే వాడుతున్నాయి. అటువంటి చోట ఎక్స్‌సెట్ మాట చెల్లదు. గ్నోమ్ అనే తెర ఏర్పాటు ఉంటే 'జీసెట్టింగ్స్' అనే ఆజ్ఞతో ఇవే పనులు చేయవచ్చు. ఆజ్ఞ పేరు మారింది గాని గడువు, వేగం అనే అంకెలు ఎక్కడికీ పోలేదు.

మీరే చేసి చూడండి

మీ బడిలో లినక్స్ కంప్యూటర్ ఉంటే ఉపాధ్యాయుల అనుమతితో ఈ ప్రయోగం చేయండి. గడువును 200, 500, 1000గా మారుస్తూ, ప్రతిసారీ నలుగురు మిత్రుల చేత ఒకే వాక్యం టైపు చేయించండి. ఎవరికి ఎన్ని అక్షరాలు అదనంగా పడ్డాయో పట్టికగా రాయండి. ఒకసారికి ఒక్క అంకెనే మార్చాలి. లేకపోతే ఏ మార్పు వల్ల ఏం జరిగిందో తేల్చలేరు. చివర పాత అంకెలను తిరిగి పెట్టడం మరవకండి.

నలుగురికీ ఒకే అంకె సరిపోయిందా? బహుశా సరిపోదు. కంప్యూటర్‌లో ముందుగా పెట్టి ఉంచిన అంకెను ఎవరో ఒక మామూలు చేతిని ఊహించుకుని పెట్టారు. మన చేతులన్నీ ఆ ఊహకు సరిపోవాలని ఎక్కడుంది? ఈసారి మీ పక్కన ఎవరి తెర మీదనైనా 'రరరరరమమమమ' అని పడితే నవ్వకండి. సీటు ఎత్తు చూడండి. పానా ఇప్పుడు మీ చేతిలోనే ఉంది!