పేరు తీసేస్తే సరిపోదు: బ్యాంకు డేటా చుట్టూ అపోహలు, వాస్తవాలు

హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ఆఫీసుల్లో కూర్చుని బ్యాంకుల డేటాతో పనిచేసే తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. కొందరిది మన బ్యాంకుల పని, కొందరిది అమెరికా, యూరప్ బ్యాంకుల పని. ఎవరు వాయిదా ఎగ్గొట్టేలా ఉన్నారు, ఎవరికి క్రెడిట్ కార్డు అంటగట్టవచ్చు, ఏ లావాదేవీలో మోసం ఉంది అన్నవి తేల్చేది వాళ్లే. గోప్యత చట్టం మాటెత్తితే మాత్రం వాళ్లలో చాలామందికి గుర్తొచ్చేది ఏటా ఒకసారి ముగించేసే ఆన్‌లైన్ ట్రెయినింగ్, దాని చివర ఓ క్విజ్. మిగతాదంతా లీగల్ వాళ్లు చూసుకుంటారన్నది ధీమా. కానీ చట్టం తప్పేది లీగల్ డిపార్ట్‌మెంట్‌లో కాదు. ఒక క్వెరీలోనో, ఒక ఎక్సెల్ ఫైల్లోనో, ఒక షేర్డ్ ఫోల్డర్లోనో తప్పుతుంది. అందుకే ఈ అపోహల్ని ఒక్కొక్కటిగా విప్పి చూడటం అవసరం.

అపోహ: వివరాలు ఒకసారి బ్యాంకుకు ఇచ్చేశాక అవి బ్యాంకు సొత్తే

దీని మీద సుప్రీంకోర్టు తీర్పే ఉంది. అదీ మన ప్రాంతం నుంచి వెళ్లిన కేసులో. స్టాంపుల చట్టంలోని 73వ సెక్షన్‌కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో ఒక సవరణ తెచ్చారు. దాని ప్రకారం కలెక్టర్ అధికారమిస్తే చాలు, ఆ వ్యక్తి ఎవరైనా సరే, బ్యాంకులో ఉన్న పత్రాల్ని సైతం తనిఖీ చేయవచ్చు, సుంకం సరిగా కట్టలేదనిపిస్తే స్వాధీనం చేసుకోవచ్చు. దీని మీద హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్ అండ్ కలెక్టర్‌కీ కెనరా బ్యాంకుకీ మధ్య నడిచిన వ్యాజ్యం 2004లో సుప్రీంకోర్టులో తేలింది. కోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. పత్రం బ్యాంకు బీరువాలో ఉన్నా దానిలోని సంగతుల మీద ఖాతాదారుకు గోప్యత హక్కు పోదని, ఆ హక్కు చోటును బట్టి కాక మనిషిని బట్టి ఉంటుందని స్పష్టం చేసింది.

అమెరికా సుప్రీంకోర్టు 1976లో మిల్లర్ కేసులో సరిగ్గా దీనికి ఎదురు చెప్పింది: బ్యాంకుకు ఇచ్చిన సమాచారం మీద ఖాతాదారుకు గోప్యత ఆశించే వీలు లేదంది. మన కోర్టు ఆ దారిన పోనంది. అమెరికాలో కూడా ఆ తీర్పుకు విరుగుడుగా 1978లో కాంగ్రెస్ ఆర్థిక గోప్యత హక్కు చట్టం చేయాల్సి వచ్చింది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించాక ఇక దీనిపై వాదనే లేదు. సర్వర్ బ్యాంకుదే కావచ్చు. అందులోని జీతం, అప్పు, ఆస్పత్రి బిల్లు ఖాతాదారువే.

అపోహ: పేరు, ఫోన్ నంబరు, ఖాతా నంబరు తీసేస్తే ఎవరిదో తెలియదు

అనలిస్టుల్లో అన్నిటికన్నా గట్టిగా పాతుకుపోయిన నమ్మకం ఇదే. కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగాలి.

2015లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 11 లక్షల మంది మూడు నెలల క్రెడిట్ కార్డు లావాదేవీలను ద మాంజోయ్ అనే పరిశోధకుడి బృందం పరిశీలించింది. పేర్లు లేవు, కార్డు నంబర్లు లేవు. అయినా ఒక మనిషి ఏ రోజు ఏ దుకాణానికి వెళ్లాడన్న వివరాలు నాలుగు తెలిస్తే చాలు, 90 శాతం మందిని ఆ గుంపులోంచి విడిగా పట్టుకోవచ్చని తేలింది. ఎంత ఖర్చు పెట్టారో కూడా తెలిస్తే పని ఇంకా తేలిక. ఆ డేటాలో మగవాళ్లకన్నా ఆడవాళ్లు, తక్కువ ఆదాయం వాళ్లకన్నా ఎక్కువ ఆదాయం వాళ్లు సులువుగా దొరికారు.

మన దగ్గర ఇది ఎలా ఉంటుందో ఒక వరసను ఊహించి చూద్దాం. పేరు తీసేశారు, ఫోన్ తీసేశారు. మిగిలినవి: పిన్‌కోడ్, పుట్టిన తేదీ, లింగం, వృత్తి. పిన్‌కోడ్ ఒక మారుమూల మండలానిది. వృత్తి అనే గడిలో పశువైద్యాధికారి అని ఉంది. ఆ మండలంలో ఉన్నది ఒక్కరే. ఆ ఊరివాళ్లెవరైనా ఆ వరస చూస్తే ఆయన పేరు చెప్పడానికి రెండు క్షణాలు పట్టదు. ఇక ఆ పక్క గడుల్లో నెలనెలా హైదరాబాద్ క్యాన్సర్ ఆస్పత్రికి కట్టిన డబ్బు, రెండు నెలలుగా బౌన్స్ అవుతున్న ఇంటి అప్పు వాయిదా కనిపిస్తాయి. ఆయన ఇంట్లోవాళ్లకైనా చెప్పుకున్నాడో లేదో తెలియని సంగతులవి.

యూపీఐ లావాదేవీల్లో రిమార్క్స్ గడి ఇంకా ప్రమాదకరం. డబ్బు పంపేవాళ్లు అక్కడ తమ మాటల్లో తోచింది రాస్తారు: అమ్మ ఆపరేషన్‌కు అని, లాయర్ ఫీజు అని, చివరికి ఎదుటివారి పూర్తి పేరు, ఫోన్ నంబరు కూడా. మాస్కింగ్ స్క్రిప్టులు పేరు, ఫోన్ అని శీర్షిక ఉన్న గడుల్ని కప్పేస్తాయి. ఇలా మామూలు వాక్యాలుండే గడిని చాలాసార్లు ఎవరూ తాకరు.

ఫోన్ నంబరును హ్యాష్ చేశాం, అంటే ఒక సూత్రంతో గజిబిజి అక్షరాలుగా మార్చేశాం అంటారు మరికొందరు. మన మొబైల్ నంబర్లు పదంకెలవి, మొదటి అంకె 6 నుంచి 9 లోపలే. అంటే ఎంత లెక్కేసినా 400 కోట్ల నంబర్లకు మించవు. రహస్య కీ ఏదీ కలపకుండా హ్యాష్ చేస్తే, మంచి గ్రాఫిక్స్ కార్డున్న ఒక్క కంప్యూటరు అన్ని నంబర్లనూ హ్యాష్ చేసి నిమిషాల్లో సరిపోల్చేస్తుంది. చూడటానికి గజిబిజి అక్షరాలుగా ఉన్నంత మాత్రాన అది వ్యక్తిగత డేటా కాకుండా పోదు. 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఇచ్చిన నిర్వచనం కూడా ఇదే చెబుతోంది: ఏ డేటా ద్వారా లేదా ఏ డేటాతో ముడిపెట్టి మనిషిని గుర్తించగలమో అది వ్యక్తిగత డేటా. పేరు ఉందా లేదా అన్నది ప్రశ్నే కాదు.

అపోహ: బ్యాంకు లోపలే కదా, ఎవరికి ఇచ్చినా ఇబ్బంది లేదు

కెనడాలోని డెజార్డాన్ సహకార బ్యాంకుల సమాఖ్య కథ అనలిస్టులంతా తెలుసుకోవాల్సింది. 2019లో అక్కడ ఒక భారీ లీకు బయటపడింది. దాదాపు 97 లక్షల మంది వివరాలు పోయాయి. బయటి హ్యాకర్ ఎవరూ లోపలికి రాలేదు. మార్కెటింగ్ విభాగంలో పనిచేసే ఒక ఉద్యోగి 26 నెలలకు పైగా వివరాలు బయటికి చేరవేశాడు.

అంత డేటా అతనికెలా దొరికింది? డేటా వేర్‌హౌస్‌లో అతని యాక్సెస్‌కు పరిమితులున్నాయి. కానీ అనుమతి ఉన్న సహోద్యోగులు తమ రోజువారీ పనికోసం వేర్‌హౌస్ నుంచి వివరాలు తీసి, విభాగంలో అందరికీ అందే షేర్డ్ డ్రైవ్‌లో పెడుతూ వచ్చారు. వాళ్లకు ఏ దురుద్దేశమూ లేదు, రిపోర్టులు టైముకు అందాలి, అంతే. యాక్సెస్ అదుపులన్నీ వేర్‌హౌస్ గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. 2020 డిసెంబరులో కెనడా ప్రైవసీ కమిషనర్ ఇచ్చిన నివేదిక ఈ అలవాటునే వేలెత్తి చూపింది. ఎప్పుడో మూతపడ్డ ఖాతాల వివరాలు అన్నేళ్లు ఎందుకు దాచారని కూడా నిలదీసింది.

మన దగ్గర జాతీయ బ్యాంకులకు రహస్యం కాపాడాలన్న బాధ్యత కొత్తదేమీ కాదు. 1970 నాటి బ్యాంకుల జాతీయీకరణ చట్టం 13వ సెక్షన్ దాన్ని రాతపూర్వకంగా పెట్టింది. స్టేట్ బ్యాంకుకు 1955 చట్టంలోని 44వ సెక్షన్ ఉంది. ఇక క్రెడిట్ రిపోర్టుల విషయానికొస్తే, 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టం ప్రకారం, అది ఒప్పుకున్న పనికి తప్ప వాటిని తెరవకూడదు. సినిమా నటుడి స్కోరు ఎంతో చూద్దామనో, కాబోయే అల్లుడికి అప్పులున్నాయా అనో తెరిచి చూడటం నేరుగా ఉల్లంఘన. పైగా రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, రిపోర్టును ఎవరైనా తెరిస్తే క్రెడిట్ సమాచార సంస్థ ఆ ఖాతాదారుకు ఎస్సెమ్మెస్సో ఈమెయిలో పంపాలి.

జరిమానా పడితే బ్యాంకుకే పడుతుంది, ఉద్యోగికేం అని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఐటీ చట్టంలోని 72ఎ సెక్షన్ ఒకసారి చదవాలి. చట్టబద్ధమైన ఒప్పందం కింద పనిచేస్తుండగా చేతికొచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని, నష్టం కలుగుతుందని తెలిసీ ఆ మనిషి సమ్మతి లేకుండా బయటపెడితే మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఆ శిక్ష బ్యాంకుకు కాదు, మనిషికి.

అపోహ: ఖాతా తెరిచేటప్పుడే సంతకం పెట్టారుగా

ఆ సంతకం దేనికి పెట్టారన్నదే ఇక్కడ అసలు విషయం. రిజర్వు బ్యాంకు కేవైసీ ఆదేశాలు సూటిగా ఉన్నాయి: ఖాతా తెరవడానికి తీసుకున్న వివరాలు రహస్యం, ఖాతాదారు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప క్రాస్ సెల్లింగ్ కోసం వాటిని బయటపెట్టకూడదు. 2023 చట్టం ఇంకో మెట్టు పైకెళ్లింది. సమ్మతి స్వేచ్ఛగా, ఫలానా పనికని విడిగా, షరతు లేకుండా ఇవ్వాలి. ఆ పనికి ఎంత డేటా అవసరమో అంతే వాడాలి. పొదుపు ఖాతాకు ఇచ్చిన సమ్మతితో ఇన్సూరెన్స్ అమ్మకాల మోడల్ కట్టడం కుదరదు.

సమ్మతిని లాంఛనంగా చూస్తే ఏమవుతుందో తెలంగాణ కళ్లారా చూసింది. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక ఇక్కడ ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. యాప్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నొక్కిన ఒక్క బటన్‌తో ఫోన్లోని కాంటాక్టులన్నీ అప్పిచ్చినవాడి చేతికెళ్లాయి. వాయిదా తప్పగానే బంధువులకు, ఆఫీసు వాళ్లకు మెసేజ్‌లు మొదలయ్యాయి. ఆ కాంటాక్టుల జాబితా కూడా ఒక డేటా టేబులే. 2022 సెప్టెంబరు 2న రిజర్వు బ్యాంకు ఇచ్చిన డిజిటల్ రుణాల మార్గదర్శకాలు కాంటాక్టులు, కాల్ లాగ్‌లు, ఫోటోల జోలికి వెళ్లొద్దని ఆదేశించాయి. కాబట్టి కాంటాక్టుల సంఖ్యతో క్రెడిట్ స్కోరు కడదామన్న ఆలోచన ఎంత తెలివిగా కనిపించినా, ఆ డేటాను తాకడమే తప్పు.

అపోహ: అమెరికా బ్యాంకు డేటా కాబట్టి ఇక్కడి చట్టం వర్తించదు, అక్కడి చట్టం మన దాకా రాదు

సగం నిజం పూర్తి అబద్ధంకన్నా ఎక్కువ తప్పుదారి పట్టిస్తుంది కనుక ఇది వివరంగా చూడాలి. విదేశీ సంస్థతో ఒప్పందం మీద, విదేశాల్లో ఉన్నవాళ్ల డేటాను ఇక్కడ ప్రాసెస్ చేసేవాళ్లకు మన 2023 చట్టం 17వ సెక్షన్‌లో చాలా మినహాయింపులే ఇచ్చింది. అయితే డేటాకు తగిన భద్రత కల్పించాలన్న బాధ్యతను మాత్రం అట్టే ఉంచింది. ఆ బాధ్యత తప్పితే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉంటుంది.

అక్కడి చట్టమూ ఇక్కడిదాకా వస్తుంది. అమెరికాలో 1999 నాటి గ్రామ్ లీచ్ బ్లైలీ చట్టం కింద బాధ్యత బ్యాంకుదే, పని ఏ దేశంలో చేయించినా సరే. ఆ బాధ్యతే ఒప్పందాల రూపంలో హైదరాబాద్ ఆఫీసు మెడకు చుట్టుకుంటుంది. యూరప్ డేటా అయితే మరీ. సర్వర్ ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కదలకపోయినా, ఇక్కడున్న వేరే కంపెనీ ఉద్యోగి తెర మీద దాన్ని చూసినా అక్కడి డేటా రక్షణ చట్టమైన జీడీపీఆర్ లెక్కలో అది దేశం దాటిన బదిలీయే.

మన దేశపు చెల్లింపుల డేటాకు ఇంకో కట్టుబాటు ఉంది. 2018 ఏప్రిల్ 6 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం దాన్ని భారతదేశంలోనే నిల్వ ఉంచాలి. అది పాటించలేదని 2021లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్, డైనర్స్ క్లబ్, మాస్టర్‌కార్డ్ కొత్త దేశీయ కస్టమర్లను చేర్చుకోకుండా రిజర్వు బ్యాంకు ఆపేసింది. మాస్టర్‌కార్డ్ మీద ఆ నిషేధం 2022 జూన్ దాకా ఎత్తేయలేదు.

అపోహ: డేటా ఎంత దాచుకుంటే అంత లాభం

మనీ లాండరింగ్ చట్టం లావాదేవీల రికార్డులు అయిదేళ్లు ఉంచమంటుంది, ఉంచాల్సిందే. కానీ ఆ రికార్డు ఉండాల్సింది బ్యాంకు అసలు సిస్టమ్‌లో, అనలిస్టు ల్యాప్‌టాప్‌లో కాదు. అవసరం తీరిన డేటా చెరగకుండా మిగిలిపోతే ఏమవుతుందో చూడండి: అమెరికా ఆర్థిక సంస్థ మోర్గాన్ స్టాన్లీ పాత హార్డ్‌వేర్‌ను తీసేసే పనిని, డేటా చెరపడంలో అనుభవం లేని ఒక సామాన్ల రవాణా సంస్థకు అప్పగించింది. ఖాతాదారుల వివరాలున్న కొన్ని పరికరాలు చివరికి ఇంటర్నెట్ వేలంలో తేలాయి. 2020లో ఒక నియంత్రణ సంస్థ 6 కోట్ల డాలర్లు, 2022లో ఇంకో సంస్థ 3.5 కోట్ల డాలర్లు జరిమానా వేశాయి.

అపోహ: ఇన్ని ఆంక్షలుంటే మోసాలు పట్టుకోవడం ఎలా

ఈ భయం ఆధారం లేనిది. నేరాల్ని అరికట్టడానికి, కనిపెట్టడానికి చేసే ప్రాసెసింగ్‌కు 2023 చట్టం వెసులుబాటు ఇచ్చింది. గణాంకాల పనికీ ఇచ్చింది, కానీ నిర్దిష్ట ప్రమాణాలు పాటించాలి, ఆ ఫలితంతో ఏ ఒక్క మనిషి విషయంలోనూ నిర్ణయం తీసుకోకూడదు. జిల్లాలవారీగా వాయిదాల బకాయిలు లెక్కకట్టడం గణాంకం. అదే మోడల్ ఫలానా ఖాతాదారు అప్పు దరఖాస్తును తిరస్కరిస్తే అది గణాంకం కాదు, ఆ మనిషి మీద నిర్ణయం.

2023 చట్టానికి నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. డేటా వాడే సంస్థల మీద ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. అనలిస్టులు అందాకా ఆగనక్కర్లేదు. ఈ వారమే మీ టీమ్ షేర్డ్ డ్రైవ్ తెరిచి చూడండి. దేనికోసం తీశారో ఎవరూ చెప్పలేని పాత ఎక్స్‌ట్రాక్ట్ కనిపిస్తే, దాన్ని ఎవరు చూడగలుగుతున్నారో రాసి మేనేజరుకు, డేటా రక్షణ అధికారికి పంపండి. ఉంచాల్సిన కారణం వాళ్లూ చెప్పలేకపోతే తీసేయించండి.