జోలెలో పాప.. నాకు రెండు చేతులు!

పాప పుట్టి 12వ రోజు. పడుకోబెడితే ఏడుపు, ఎత్తుకుంటే నిద్ర. అర్ధరాత్రి సర్వర్ డౌన్ అయినా బెదరని నేను, శ్రీకాళహస్తిలో అమ్మ వాళ్లింట్లో తెల్లవారుజామున 3 గంటలకి పాపతో పాటు ఏడ్చేశా.

మర్నాడు డాక్టర్‌ని అడిగి బేబీ స్లింగ్ బయటికి తీశా. అవ్వ చూసి, "ఏందిమే, జోలె కట్టుకోని అడుక్కోను పోతావా?" అంది.

మొదటిసారి వదులుగా కట్టేశా. పాప గడ్డం ఛాతీకి ఆనుకుని, ముఖం గుడ్డలో కూరుకుపోయింది. గుండె ఆగినంత పనైంది. నాలుగు నెలల లోపు పిల్లలకి మెడ సరిగ్గా నిలవదు, ఊపిరాడకపోయే ప్రమాదం ఉంటుంది.

అందుకే ఈ రూల్స్ మర్చిపోవద్దు:

* గుడ్డ బిగుతుగా ఉండాలి
* ముఖం ఎప్పుడూ కనపడాలి
* తల వంచితే ముద్దు పెట్టేంత దగ్గరగా ఉండాలి
* గడ్డం కింద సందు, వీపుకి ఆసరా ఉండాలి
* మోకాళ్లు పిర్రల కన్నా పైకి, కప్పలా ఉండాలి

ఇదేం కొత్త ఫ్యాషన్ కాదు. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, బరువు తక్కువ పిల్లల్ని తల్లుల ఛాతీకే ఆనించి కట్టారు. అదే కంగారూ కేర్.

స్లింగ్ మ్యాజిక్ కాదు, కొన్ని రాత్రులు ఇంకా ఏడుపే. మీకూ దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టర్‌కి చెప్పండి, లేదా 14416కి కాల్ చేయండి.

నిన్న పాప గుండెల మీద నిద్రపోతుంటే, వేడివేడిగా రెండు ముద్దలు తిన్నా. అవ్వ పాత నేతచీర తెచ్చిచ్చింది. "మీ అమ్మని దీంట్లాంటి దాంట్లోనే కట్టుకోని కయ్యకి పోయినా. ఇది మెత్తంగా ఉంటాది, తీసుకో."