పొలం కుక్కకు గడ్డ కనిపిస్తే రక్తపరీక్ష ఏం చెబుతుంది, ఏం చెప్పదు?



ఆవు గురించి, నేల గురించి, వానపాము గురించి మనం చాలా మాట్లాడుకుంటాం. రాత్రంతా మేలుకుని కాపలా కాసే కుక్క గురించి మాత్రం పెద్దగా మాట్లాడుకోం. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల తోటలైనా, కొల్లేరు చేపల చెరువుల గట్లయినా, అది లేకపోతే మనకి నిద్ర పట్టదు గదా. తోటి రైతులు తరచూ అడుగుతుంటారు: "ఏవండీ, మా ఆడకుక్కకి రొమ్ము దగ్గర గడ్డ తగులుతోంది. రక్తం టెస్ట్ చేయిస్తే క్యాన్సరో కాదో తెలిసిపోద్దా? పసుపు, వెల్లుల్లి పెడితే తగ్గిపోద్దా?" వీడియోలో చెప్పిన సమాధానాన్నే అంకెలతో సహా ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, రైతుని. మా కుక్క రిపోర్టు పట్టుకుని పశువైద్యుల దగ్గర ఒక్కో లైనూ అడిగి తెలుసుకున్న సంగతులివి.

ఒంట్లో ఏం జరుగుతుంది?

ముల్లు గుచ్చుకుంటే ఆ చోట ఎర్రబడి, వేడెక్కి, వాస్తుంది. దాన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటారు. తెల్లరక్తకణాలు అక్కడికి చేరి, చురుకైన ఆక్సిజన్ అణువుల్ని వదిలి సూక్ష్మజీవుల్ని చంపుతాయి. పని అయిపోయాక ఈ మంట ఆరిపోవాలి. ఆరకుండా గడ్డివాములో నిప్పులా లోలోపల రాజుకుంటూ ఉంటే, ఆ ఆక్సిజన్ అణువులు సొంత కణాల్నే దెబ్బతీస్తాయి. శరీరంలో దాన్ని అదుపు చేసే శక్తి చాలకపోతే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. పాతబడిన నూనె కనరు వాసన వేస్తుంది చూడండి, కణం చుట్టూ ఉండే కొవ్వు పొరకీ అలాంటిదే జరుగుతుంది.

క్యాన్సర్‌కీ ఈ మంటకీ రెండువైపులా సంబంధం ఉంది. గడ్డల్లో తెల్లరక్తకణాలు ఉంటాయని జర్మనీ వైద్యుడు విర్కో 1863లోనే గుర్తించాడు. ఆరని మంట కణంలోని డీఎన్‌ఏని పాడుచేయగలదు. పుట్టిన గడ్డ తిరిగి మంటని పెంచుతుంది.

రిపోర్టులో ఏం ఉంటాయి?

సి.ఆర్.పి.: మంట సంకేతం అందగానే కాలేయం తయారుచేసే ప్రోటీన్. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో సాధారణంగా లీటరుకి 10 మిల్లీగ్రాముల లోపే ఉంటుంది. మంట మొదలైన 24 గంటల్లోపే బాగా పెరుగుతుంది, కారణం పోతే కొద్దిరోజుల్లోనే దిగుతుంది. ఆవుల్లో దీనికి అంత విలువ లేదు, అక్కడ హాప్టోగ్లోబిన్ చూస్తారు. మనుషుల కిట్‌తో కుక్క సి.ఆర్.పి. సరిగా రాకపోవచ్చు, కుక్కల పరీక్షే అడగండి.

తెల్లకణాల లెక్క: న్యూట్రోఫిల్స్ పెరిగి లింఫోసైట్స్ తగ్గితే శరీరం ఒత్తిడిలోనో, మంటలోనో ఉన్నట్టు. ఆల్బుమిన్ తగ్గడం కూడా అలాంటి గుర్తే.

మాలోన్‌డయాల్డిహైడ్: ఇందాక చెప్పిన కొవ్వు చెడినప్పుడు పుట్టే పదార్థం. దీనికి ఎదురు నిలిచేవి గ్లూటాథియోన్, కెటలేజ్ లాంటివి. ఇవి పరిశోధనల్లో కొలుస్తారుగానీ, మామూలు ల్యాబుల్లో దొరకవు. దొరకలేదని కంగారు పడక్కర్లేదు, చికిత్స వీటి మీద ఆధారపడదు.

ఆ అంకె ఒక్కటే చాలదు

సి.ఆర్.పి. పెరిగితే "ఎక్కడో మంట ఉంది" అని మాత్రమే అర్థం. పిడుదుల జ్వరం, గర్భసంచిలో చీము, కుళ్లిన గాయం, వీటిలో దేనికైనా పెరుగుతుంది. మన ప్రాంతంలో పిడుదులు లేని పొలం కుక్క ఎక్కడండి! ఇంకోవైపు, చిన్న గడ్డ క్యాన్సరే అయినా సి.ఆర్.పి. మామూలుగానే ఉండొచ్చు.

మా ఏడేళ్ల ఆడకుక్కకి జరిగింది ఇదే. గడ్డ ఉంది, సి.ఆర్.పి. ఎక్కువ ఉంది, ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్నాయి. పిడుదుల జ్వరమని తేలి మందు వాడితే అంకె మామూలు స్థితికి వచ్చింది. "ఇంకేం, తగ్గిపోయిందిగా" అన్నారు చుట్టుపక్కలవాళ్లు. గడ్డ మాత్రం అక్కడే ఉంది. డాక్టరుగారు ఆపరేషన్ చేసి ముక్క పరీక్షకి పంపితే క్యాన్సరని వచ్చింది. గడ్డ అప్పటికి 3 సెంటీమీటర్ల లోపే ఉంది కాబట్టి మంచి అవకాశం దక్కింది. అంకె చూసి ఊరుకుంటే ఆ అవకాశం పోయేదే.

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛతో పడిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయన్నారు, పురుగుమందుల అవశేషాల మీదా అనుమానం వచ్చింది. రక్తంలో ఒకటి కనబడటం వేరు, అదే కారణమని తేలటం వేరు. కుక్క రిపోర్టుకీ ఇదే సూత్రం.

తేల్చేది ఏది?

సూదితో గడ్డలోంచి కణాలు తీసి చూడటం, లేదా ముక్క పరీక్ష. ఛాతీ ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తులకు పాకిందో లేదో తెలుస్తుంది. ఆడకుక్కల రొమ్ము గడ్డల్లో దాదాపు సగం క్యాన్సర్ కానివే. అందుకని గడ్డ కనబడగానే ఆశ వదులుకోవద్దు, అలాగని ఆలస్యమూ చేయొద్దు. ఏలూరు నుంచి విజయవాడ వెళ్లే దారిలో గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. ముందు మీ దగ్గరి పశువైద్యుణ్ణి కలిసి, ఎక్కడికి వెళ్లాలో ఆయన్నే అడగండి.

ఊరకుక్కల్లో ఇంకో గడ్డ ఎక్కువ కనిపిస్తుంది. జననాంగాల దగ్గర కాలీఫ్లవర్‌లా పెరిగి రక్తం కారుతుంది. ఇది కలయిక వల్ల కుక్క నుంచి కుక్కకి అంటుకునే క్యాన్సర్. అసహ్యించుకుని ఆ కుక్కని తరిమేస్తుంటారు. నిజానికి వారానికి ఒక విన్‌క్రిస్టిన్ ఇంజక్షన్ చొప్పున, నాలుగు నుంచి ఆరు వారాల్లో చాలా కుక్కలకి పూర్తిగా నయమవుతుంది.

మన పెరటి మందుల సంగతి

ఆ విన్‌క్రిస్టిన్ మన వాకిట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి వచ్చిందే. అయితే చాలా ఎక్కువ ఎండుటాకు నుంచి కొద్దిపాటి మందే వస్తుంది. ఆకు నూరి పోస్తే విషమే అవుతుంది, వైద్యం కాదు.

వెల్లుల్లి, ఉల్లి కుక్కకి పెట్టనే కూడదు. వాటిలోని గంధకపు పదార్థాలు ఎర్రరక్తకణాల్ని ఆక్సీకరణతో పగలగొడతాయి. కిలో బరువుకి 15 నుంచి 30 గ్రాముల ఉల్లి చాలు రక్తం దెబ్బతినడానికి. ఆక్సిడేటివ్ స్ట్రెస్ తగ్గిద్దామని వెల్లుల్లి పెడితే పెంచినట్టే. అగ్నిఅస్త్రంలో వెల్లుల్లితో పాటు పొగాకు కూడా పడుతుంది, కాబట్టి ఆ కుండకి మూత గట్టిగా పెట్టండి. పసుపు కూరలో మంచిదేగానీ, అందులోని కుర్కుమిన్ రక్తంలోకి చాలా తక్కువే చేరుతుంది. పసుపుతో గడ్డ కరుగుతుందని నమ్మి ఆపరేషన్ వాయిదా వేయకండి. నేను రసాయనం లేని సేద్యమే చేస్తాను. అయినా ఈ మాట చెప్పక తప్పదు.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి ఇచ్చారు. తర్వాత క్యాన్సర్ మందుల తయారీలోనూ ముందు నిలిచారు. కొలవడం, నయం చేయడం రెండూ కావాలని మన జిల్లా మనిషే చూపించారు.

చేయాల్సినవి

నెలకోసారి కుక్క పొట్ట కింద చేత్తో తడిమి చూడండి. బఠాణీగింజంత తగిలినా చూపించండి. పిడుదులు తీసేయండి. పిల్లలు వద్దనుకుంటే మొదటి ఎదకి ముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే విషయం డాక్టరుగారితో మాట్లాడండి, రొమ్ము క్యాన్సర్ ముప్పు బాగా తగ్గుతుంది. చికిత్స తర్వాత అదే ల్యాబులో సి.ఆర్.పి. మళ్లీ చేయించండి. దిగిన అంకె మళ్లీ ఎక్కితే వెంటనే కారణం వెతకమని అడగండి. ఆ పరీక్ష అసలు ఉపయోగం అక్కడే ఉంది.