పెట్టె మీద మెగాహెర్ట్జ్... లోపల ఎండాకాలం!

అర్ధవీడులో ఏప్రిల్ నెల. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. రేకుల గదిలో పెళ్లి వీడియోని రెండరింగ్‌కి పెట్టి కూర్చున్న స్టూడియో కుర్రాడికి కంప్యూటర్ ఫ్యాను మోత తప్ప మరేమీ వినపడదు. ముహూర్తాల సీజనూ అప్పుడే మరి! అలాంటి కుర్రాడొకరు గ్రాఫిక్స్ కార్డు కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ దాకా వెళ్లాడనుకోండి. ఒకే చిప్ ఉన్న రెండు పెట్టెలు అతని ముందు పెడతారు. ఒకటి మామూలుది. రెండోదాని మీద ‘ఓసీ’ అని ఉంటుంది... ధర కాస్త ఎక్కువ. ఆ రెండక్షరాలకి అదనంగా డబ్బు పెట్టొచ్చా?

ఓసీ అంటే ఓవర్‌క్లాక్. చిప్ కంపెనీ నిర్ణయించిన వేగం కన్నా కొంచెం ఎక్కువ పెట్టి, ఫ్యాక్టరీలోనే పరీక్షించి, వారంటీతో అమ్మడం. ఎంత ఎక్కువ? 2016లో వచ్చిన ఎన్విడియా జీటీఎక్స్ 1080నే తీసుకుందాం. దాని కనీస వేగం 1607 మెగాహెర్ట్జ్. అదే చిప్‌తో ఈవీజీఏ కంపెనీ తెచ్చిన ఎఫ్‌టీడబ్ల్యూ మోడల్‌ది 1721. అంటే 7 శాతం. మెమరీ వేగం రెండింటికీ ఒకటే. కాబట్టి ఆటలో సెకనుకు 60 ఫ్రేములు వచ్చేచోట మహా అయితే 64. కంటితో చూసి ఆ తేడా చెప్పగలిగితే గొప్పే!

వేడి మాత్రం అంత పొదుపుగా పెరగదు. చిప్ తినే విద్యుత్తు వేగంతోపాటు పెరుగుతుంది. వోల్టేజీని పెంచితే దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 7 శాతం వేగం కోసం వోల్టేజీని 5 శాతం పెంచారనుకుంటే విద్యుత్తు ఖర్చు 18 శాతం దాకా ఎక్కువవుతుంది. అదంతా వేడిగా బయటికి పోవాల్సిందే. కంభం చెరువుకి కట్ట ఎంత ముఖ్యమో అలుగూ అంతే కదా. కార్డుకి ఆ అలుగు హీట్‌సింకు.

అలుగు ఉంటే సరిపోదు, నీరు దాని దాకా చేరాలి. ఎఫ్‌టీడబ్ల్యూ కథ అదే. మామూలు కార్డుకి ఒక్కటే ఉన్న ఎనిమిది పిన్నుల పవర్ కనెక్టర్లు దీనికి రెండు. 12 వోల్టులను చిప్‌కి కావాల్సిన ఒక వోల్టు దగ్గరికి దించే సర్క్యూట్‌లో 10 ఫేజులు. కాగితం మీద వంక పెట్టడానికి లేదు. కానీ 2016 చివర్లో కొందరు పరీక్షకులు కార్డు మీద గరిష్ఠ భారం పెట్టి చూస్తే... చిప్ మామూలుగానే ఉంది, పక్కనున్న పవర్ సర్క్యూట్ దగ్గర వేడి 100 డిగ్రీలు దాటింది! అక్కడి వేడిని లోహపు పలకకి, హీట్‌సింకుకి అందించాల్సిన మెత్తని థర్మల్ ప్యాడ్లు చాలినన్ని లేవు. కొన్నవాళ్లకి కంపెనీ ప్యాడ్లు ఉచితంగా పంపింది, ఫ్యాన్లు వేగంగా తిరిగేలా బయోస్ మార్చింది. 2017లో వచ్చిన ఐసీఎక్స్ కార్డుల్లో 9 ఉష్ణోగ్రత సెన్సర్లు అదనంగా పెట్టింది. అంటే అప్పటిదాకా తెర మీద కనిపించే ‘70 డిగ్రీలు’ చిప్ సంగతే చెప్పేదన్నమాట. మిగతా బోర్డు పాట్లు ఎవరికీ కనిపించేవి కావు.

ఈవీజీఏ 2022లో గ్రాఫిక్స్ కార్డుల వ్యాపారం మానేసింది. ఎవరైనా సెకండ్ హ్యాండ్‌లో ఆ పాత కార్డు అమ్మజూపితే ముందు ప్యాడ్ల సంగతే అడగాలి.

ఇప్పుడు అర్ధవీడు లెక్క. సమీక్షలు చేసేవాళ్ల గదిలో సాధారణంగా పాతిక డిగ్రీలకు అటూఇటూగా ఉంటుంది. 24 డిగ్రీల గదిలో 70 దగ్గర ఆగిన చిప్, 42 డిగ్రీల రేకుల గదిలో దాదాపు 88కి చేరాలి. జీటీఎక్స్ 1080 అయితే 83 దగ్గరే వేగం తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. డబ్బు పెట్టి కొన్న 7 శాతం కాస్తా మిట్టమధ్యాహ్నానికల్లా ఆవిరి!

అయితే ఓసీ కార్డు దండగేనా? అలా తీసిపారేయలేం. వేగం పెంచినందుకు చాలా కంపెనీలు హీట్‌సింకునీ పెద్దది పెడతాయి. అర్ధవీడు ఎండలకి పనికొచ్చేది అదే. కొనేముందు కార్డు విప్పిన ఫొటోలున్న సమీక్ష వెతకాలి. మెమరీ చిప్‌ల మీద, పవర్ సర్క్యూట్ మీద ప్యాడ్లున్నాయా, రాగి గొట్టాలు ఎన్ని, చిప్ కాకుండా మిగతాచోట్ల వేడి కొలిచారా అని చూడాలి. ఫేజుల సంఖ్యని చూసి మురిసిపోనక్కర్లేదు. పది అన్నచోట అయిదింటినే రెండింతలు చేసి ఉండొచ్చు. ఈ వివరాలేవీ దొరక్కపోతే మామూలు కార్డు కొని, మిగిలిన డబ్బుతో క్యాబినెట్‌కి మంచి ఫ్యాన్లు రెండు బిగించుకోవడం మేలు.

అన్నీ బాగున్న ఓసీ కార్డే తెచ్చుకున్నాడా... ఏప్రిల్, మే నెలల్లో సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్‌ని 85 శాతానికి దించుకోవచ్చు. పెళ్లి వీడియో కొద్ది నిమిషాలు ఆలస్యంగా పూర్తవుతుంది. ఫ్యాను మోత తగ్గి, పక్కగదిలో టీవీ వినపడుతుంది.