శరత్తులో ముక్కుకు ఎంత కావాలి?

శరదృతువు అంటే ఆశ్వయుజ, కార్తీక మాసాలని పంచాంగం తేల్చి చెబుతుంది. ఆకాశం మాత్రం పంచాంగం చూసుకుని నడవదు. నైరుతి రుతుపవనాలు పశ్చిమ రాజస్థాన్ నుంచి వెనక్కి మళ్ళడం మొదలుపెట్టే సాధారణ తేదీ సెప్టెంబరు 17. అవి తెలుగు నేలను పూర్తిగా వదిలేసరికి అక్టోబరు నడుస్తూ ఉంటుంది. ఈలోగా ఉదయం చెమట, మధ్యాహ్నం వాన, రాత్రి దోమలు. మన కవులు ఈ కాలం నుంచి వెన్నెలను తీసుకుని దోమలను వదిలేశారు. ఎవరూ తప్పుపట్టలేదు.

వెన్నెల ఉచితమే కానీ, అపార్టుమెంటు మూడో అంతస్తులోకి అది సరిగా రాదు. వాసన వస్తుంది. అందుకే ఈ కాలంలో కాస్త హాయి వెతుక్కునేవారికి ముక్కు మంచి సాధనం. ఏ సాధనమైనా వాడేముందు దాని పనితీరు తెలుసుకోవాలి కనుక అక్కడి నుంచే మొదలుపెడదాం.

పువ్వు నుంచి గాలిలోకి ఎగిరే అతిచిన్న రసాయన అణువులే వాసన. ముక్కు లోపల పైభాగంలో వాటిని పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి. మనిషికి ఇవి సుమారు 400 రకాలు. వీటి జన్యువులను లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో వెలుగులోకి తెచ్చారు. 2004లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. చూసినదీ విన్నదీ మెదడులో థాలమస్ అనే కూడలి గుండా వెళ్ళాల్సిందే. వాసనకు ఆ నిబంధన లేదు. అది ఉద్వేగాలతో, జ్ఞాపకాలతో పనిచేసే భాగాలకు దగ్గరి దారిన చేరుతుంది. అది ఏ పువ్వో గుర్తుకు రాకముందే అమ్మమ్మగారి పెరడు గుర్తుకు రావడం అందుకే.

ఈ సాధనానికి ఒక పరిమితి ఉంది. ముక్కు మార్పును గమనిస్తుంది, నిలకడను పట్టించుకోదు. ఒకే వాసన కొన్ని నిమిషాలు ఎడతెగకుండా తగిలితే దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. అత్తరు దుకాణంలో కూర్చునే మనిషికి తన దుకాణం వాసన తెలియనిది ఇందుకే. ఇల్లంతా పరిమళం ఎప్పుడూ ఉండాలని గోడకు యంత్రాలు బిగించుకునేవారు, తమకు తెలియని వాసన కోసం నెలనెలా డబ్బు కడుతున్నారు. అతిథులకు మాత్రం తెలుస్తుంది. వారు మర్యాద కొద్దీ ఏమీ అనరు.

కాబట్టి ముక్కుకు హాయినిచ్చే పరిమళం కొంచెమే ఉండాలి, వచ్చి పోవాలి. ఈ రెండు షరతులనూ ఎవరూ చెప్పకుండానే పాటించే చెట్టు పారిజాతం.

పారిజాతం మల్లె కుటుంబానికి చెందినది. వర్షాకాలం చివర పూత మొదలుపెట్టి శరత్తు పొడుగునా పూస్తుంది. మొగ్గ పొద్దుగూకాక విచ్చుకుంటుంది, తెల్లవారేసరికి రాలిపోతుంది. రాత్రి తిరిగే పురుగుల కోసం పూసే పువ్వుల్లో చాలావాటికి ఉండే లక్షణాలే దీనికీ ఉన్నాయి: చీకట్లో కనబడే తెలుపు, దూరం నుంచి పిలిచే వాసన. పువ్వు రాలడం కూడా ప్రమాదం కాదు. తొడిమ దగ్గరి పలుచని పొరలో కణాల మధ్య అతుకు కరిగి, చెట్టే దాన్ని వదిలేస్తుంది.

తెల్లవారుజామున చెట్టు కింద ఒక పువ్వు ఏరి చూడండి. ఆగిపోయిన ఫ్యాను రెక్కల్లా ఒకే వైపు మెలితిరిగిన తెల్లని రేకులు, ఐదు నుంచి ఎనిమిది వరకు. మధ్యలో నారింజ రంగు కన్ను, దాని కింద అదే రంగు గొట్టం. ఆ గొట్టాన్ని గోటితో నలిపితే వేలికి పసుపు అంటుతుంది. కుంకుమపువ్వుకు రంగునిచ్చే పదార్థాల్లో ఒకటైన క్రోసెటిన్ ఇందులోనూ ఉంది. పూర్వం దీనితో పట్టుబట్టలకు రంగు వేసేవారు. ఆకు మాత్రం ఈ సుకుమారాన్ని ఏమాత్రం పట్టించుకోకుండా గరుకుగా ఉంటుంది.

నేల రాలిన పువ్వు పూజకు పనికిరాదని మన ఇళ్ళలో నియమం. పారిజాతానికి మినహాయింపు ఇచ్చారు. ఇవ్వకపోతే దేవుడికి ఈ పువ్వే దక్కదు కనుక, ఇది శాస్త్రాన్ని వాస్తవంతో రాజీపరచిన తెలివైన తీర్పు. ఇంత తేలికగా దొరికే పువ్వు గురించి నంది తిమ్మన 16వ శతాబ్దంలో ఒక ప్రబంధమే రాశారు. అందులో ఒక్క పువ్వు కృష్ణుడి ఒక భార్యకు అంది రెండో భార్యకు అందకపోవడం స్వర్గం మీద యుద్ధం దాకా వెళ్ళింది. ఆ దేవతావృక్షమూ మన పెరటి చెట్టూ ఒకటేనా అన్నది వృక్షశాస్త్రం తేల్చే విషయం కాదు. ఉత్తరప్రదేశ్‌లోని కింటూరులో పారిజాతమని పూజలందుకుంటున్నది ఆఫ్రికా జాతి బావోబాబ్ చెట్టు.

కొంచెం అన్న షరతు ఎందుకో ఇప్పుడు చూద్దాం. మల్లె పరిమళంలో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. అది మలంలోనూ ఉంటుంది. లేశమాత్రంగా ఉంటే పూల వాసన, ఎక్కువైతే రెండోది. వాడుతున్న మల్లెచెండు పక్కన తలపెట్టి పడుకున్నవారికి ఈ సంగతి విడిగా చెప్పనక్కర్లేదు.

ఇదే పాఠాన్ని ఒక నగరం పెద్ద ఎత్తున నేర్చుకుంది. ఏడాకులపాల అనే చెట్టు శరత్తు చివర ఆకుపచ్చని తెలుపు గుత్తులతో పూస్తుంది. దాని మెత్తని కలపతో ఒకప్పుడు బడిపిల్లల పలకలు చేసేవారు. శాంతినికేతన్‌లో పట్టభద్రులకు దీని ఆకులే ఇచ్చేవారు. రాత్రి నడకలో ఎక్కడో ఒక చెట్టు నుంచి వాసన వచ్చిపోతే బాగుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో చెట్లను కూల్చాక, త్వరగా పెరుగుతుందని దీన్ని వీధుల వెంట విరివిగా నాటారు. చెట్లు ఎదిగి పూతకు వచ్చాక, ఘాటు భరించలేకపోతున్నామని, ఊపిరి ఇబ్బందిగా ఉందని ఫిర్యాదులు మొదలయ్యాయి. చెట్టు మారలేదు, లెక్క మారింది. పచ్చదనం ఎక్కువైతే నష్టమేముందని అడిగేవారు కిటికీలు మూసుకున్న ఇళ్ళవారిని అడగాలి.

వాసన లేకపోయినా శరత్తు గడిచిపోతుందనడానికి బతుకమ్మ సాక్ష్యం. భాద్రపద అమావాస్య నుంచి తొమ్మిది రోజులు పేర్చే ఆ పూలలో గునుగుకు వాసన లేదనే చెప్పాలి. తంగేడు రంగుతోనే నెట్టుకొస్తుంది. ఘాటుగా పలకరించేది బంతి. దాని వాసన రేకుల్లో కంటే ఆకుల్లో ఎక్కువ. ఆకును వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే అంచుల వెంట చిన్న చుక్కలు కనిపిస్తాయి. అవే నూనె గ్రంథులు. దసరాకు గుమ్మం మీద బంతిదండ లేకపోతే తరతరాల సంప్రదాయం పోయిందని బాధపడతాం. ఆ మొక్క పుట్టిల్లు మెక్సికో.

చామంతిది మరో రకం క్రమశిక్షణ. పగలు తగ్గి రాత్రి పెరిగితేనే అది మొగ్గ తొడుగుతుంది. పూతను కావాలని ఆలస్యం చేయడానికి పూల రైతులు రాత్రిపూట తోటలో దీపాలు వెలిగించేది అందుకే. బాల్కనీ కుండీలో చామంతి ఎంతకీ పూయకపోతే ఎరువు మార్చే ముందు వీధిదీపం ఎటువైపు ఉందో చూడండి.

ఇంటి ముందు ఎండ తగిలే చోటు, నీరు నిలవని నేల ఉంటే ఒక్క పారిజాతం నాటండి. వీధికి ఒక్క ఏడాకులపాల చాలు, అదీ చివర. రెంటిలో ఏదైనా పడకగది కిటికీ పక్కన మాత్రం వద్దు. ఇక కుండీలో నిలిచిన నీరు వారానికి ఒకసారైనా పారబోయండి. కవులు వదిలేసిన దోమలు ఇంకా ఉన్నాయి.